ఏడు అక్షరాలు, ఎనిమిది గళ్ళు: కొత్తవారికి స్వరలిపి



ఈనాటి పాఠం సంగీతానికి సంబంధించినదే. అయితే పాడటం గురించి కాదు, చదవటం గురించి. పాటను కాగితం మీద పెట్టే పద్ధతిని స్వరలిపి అంటారు. ఇంగ్లీషు మాట నొటేషన్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ప్రపంచంలో స్వరలిపి ఒకటే లేదు, చాలా ఉన్నాయి. వాటిలో కొత్తగా నేర్చుకునేవారికి ఏది తేలిక, ఏది ఎక్కడ మోసం చేస్తుంది అన్నది ఈ పూట మన విషయం.

నేను మాట్లాడుతున్నది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి. ఇది రైల్వే ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా వేసిన పెద్ద లైను 1891లో పూర్తయింది. ఆ లైను మీద బిలాస్‌పూర్ ముఖ్యమైన జంక్షన్ అయింది. ఆ తర్వాత వాల్తేరు వైపు తూర్పుతీరపు లైను కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో రాయపూర్ - విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఇక్కడికీ దగ్గరదారి ఏర్పడింది. ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరు ప్రధాన కేంద్రమయింది. ఈనాడు ఆ కుటుంబాల్లో మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ చదువుతారు. తెలుగు చదవడం, రాయడం రానివారే ఎక్కువ.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ళ క్రితం నా దగ్గర హార్మోనియం నేర్చుకుంటున్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక పాత రైల్వే డైరీ తెచ్చింది. "మాస్టారూ, ఇది మా నాయనమ్మది. ఇందులో పాటలున్నాయంట. ఇంట్లో ఎవరికీ చదవడం రాదు" అంది. నాయనమ్మ అప్పటికి పోయి రెండేళ్ళయింది. డైరీ తెరిచి చూస్తే మొదట సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు ఉన్నాయి. తర్వాత మలహరి రాగంలో గీతాలు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, పూజల్లో పాడే మంగళహారతులు పదమూడు. ప్రతిదానికీ మాటల పైన స్వరాలు రాసి ఉన్నాయి. పెళ్ళికి ముందు విజయనగరంలో నేర్చుకున్నవట. ఆ హారతులు ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ పాడటం లేదు.

అప్పుడు నేనొక తొందరపాటు పని చేశాను. "ఫరవాలేదు తల్లీ, తెలుగు వచ్చినవారెవరినైనా చదివి చెప్పమని హిందీలో రాసుకో. అక్షరాలు ఏవైతేనేం, స్వరాలు ఏడేగా" అన్నాను. ఆ అమ్మాయి బాబాయి చదివి చెప్పాడు, పిల్ల శ్రద్ధగా దేవనాగరి లిపిలో రాసుకొచ్చింది. వాయిస్తే ఒక్క పాట కూడా తాళంలో పడలేదు. చాలా పాటల్లో రాగమే మారిపోయింది. తప్పు పిల్లది కాదు. అక్షరాలు ఏవైతేనేం అన్న నా మాటలోనే తప్పుంది. ఎక్కడ తప్పిందో చూద్దాం.

తెలుగు పుస్తకాల్లో స్వరం ఎంతసేపు పలకాలో అక్షరమే చెబుతుంది. హ్రస్వం అంటే 'స' అని రాస్తే ఒక అక్షరకాలం. దీర్ఘం అంటే 'సా' అని రాస్తే రెండు. ఇంకా పొడిగించాలంటే కామా పెడితే మరొకటి, సెమీకోలన్ పెడితే మరి రెండు. కాబట్టి 'సా,' అంటే మూడు, 'సా;' అంటే నాలుగు. ఆదితాళానికి ఎనిమిది అక్షరకాలాలు. లఘువుకు నాలుగు, రెండు ద్రుతాలకు రెండేసి. ఇప్పుడు ఈ వరుస చూడండి. ఇది ఏ పాటలోదీ కాదు, పాఠం కోసం నేను రాసింది.

సా రి గ | మా | పా ||

లెక్కపెట్టండి. రెండు, ఒకటి, ఒకటి కలిపి నాలుగు. తర్వాత రెండు, తర్వాత రెండు. మొత్తం ఎనిమిది. ఆవర్తం సరిపోయింది.

హిందీ పుస్తకాల్లో వాడే భాత్‌ఖండే పద్ధతిలో 'సా' అన్నది స్వరం పేరు మాత్రమే. దానికి దీర్ఘం ఉన్నా విలువ ఒక మాత్రే. 'రే' కూడా అంతే. పొడిగించాలంటే పక్కన చిన్న అడ్డగీత పెడతారు. అందుచేత పై వరుసను హిందీ అలవాటుతో చదివితే సా ఒకటి, రి ఒకటి, గ ఒకటి, మా ఒకటి, పా ఒకటి. ఎనిమిదికి బదులు అయిదే వచ్చాయి. పాట కుంటుతుంది. తిరగేసి చూసినా అంతే. హిందీవారు ఇదే వరుసను 'సా – రే గ | మ – | ప –' అని రాస్తారు. దీన్ని తెలుగు అలవాటుతో చదివితే మొదటి భాగంలోనే సా రెండు, గీత ఒకటి, రే రెండు, గ ఒకటి, ఆరవుతాయి. నాలుగు పట్టే చోట ఆరు ఎలా పడతాయి?

మా వీధిలో బెంగాలీ కుటుంబాలూ ఉన్నాయి. వారి పద్ధతి పేరు ఆకారమాత్రిక. రవీంద్రుని పాటలకు స్వరలిపి పుస్తకాలుగా వచ్చిన 'స్వరబితాన్' సంపుటాలు ఈ పద్ధతిలోనివే. (రవీంద్రుని 'ఫాంకి' అనే కవితలో బిలాస్‌పూర్ స్టేషన్ ప్రస్తావన ఉంది. ఆ మాట చెప్పకుండా ఇక్కడి బెంగాలీవారు మనల్ని టీ తాగనివ్వరు.) ఆకారమాత్రికలో దీర్ఘానికి వాడే గుర్తే మాత్రకు గుర్తు. అంటే వారి 'సా', 'గా', 'మా' అన్నీ ఒక్కో మాత్రే. తెలుగులో దీర్ఘం రెండు, బెంగాలీలో దీర్ఘం ఒకటి, హిందీలో దీర్ఘానికి కాలంతో సంబంధమే లేదు. గోడకు గోడ ఆనుకున్న మూడు క్వార్టర్లలో ఒకే గుర్తుకు మూడు అర్థాలు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. నాయనమ్మ డైరీలో మొదటి పుటలో 'స రి గ మ | ప ద | ని స ||' అని ఉంది. స్వరాలకు ఏ గుర్తూ లేదు. పైన మాత్రం 'మాయామాళవగౌళ' అని రాసి ఉంది. మన పద్ధతిలో అది చాలు. రాగం పేరు చెబితే ఏ రిషభమో, ఏ ధైవతమో తెలిసిపోతుంది. భాత్‌ఖండే పద్ధతిలో గుర్తు లేకపోవడమే ఒక గుర్తు. ఏ గుర్తూ లేని స్వరాలు బిలావల్ థాట్‌కు చెందుతాయి, అంటే మన శంకరాభరణం స్వరాలు. కోమల స్వరమైతే కింద గీత, తీవ్ర మధ్యమమైతే పైన నిలువు గీత పెట్టాలి. మా అమ్మాయి రాగం పేరు వదిలేసి స్వరాలు మాత్రమే రాసుకుంది. దాంతో మాయామాళవగౌళ కాస్తా శంకరాభరణమై కూర్చుంది. (ప్రసారంలో రెండూ హార్మోనియం మీద వరుసగా వాయించి చూపాను. ఇంట్లో హార్మోనియంగానీ కీబోర్డుగానీ ఉన్నవారు వాయించి చూసుకోవచ్చు.)

పేర్లలోనూ ఒక తిరకాసు ఉంది. మనం 'శుద్ధ రిషభం' అనేదాన్ని హిందుస్తానీవారు 'కోమల రిషభ్' అంటారు. వారి 'శుద్ధ రిషభ్' మనకు చతుశ్రుతి రిషభం. పరీక్షల్లో ఈ ఒక్కచోట మార్కులు పోగొట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను. గీతల సంగతీ అలాంటిదే. కింద గీత హిందీ పుస్తకంలో కోమలానికి గుర్తు. మన పుస్తకాల్లో స్వరాలకు పైనో కిందో గీత గీస్తే అది కాలానికి గుర్తు: ఒక గీత రెండో కాలం, రెండు గీతలు మూడో కాలం. బెంగాలీవారు గీతల జోలికే పోలేదు. కోమల స్వరాలకు వేరే అక్షరాలే పెట్టుకున్నారు. కోమల రిషభానికి 'ఋ', కోమల ధైవతానికి 'ద'. కొత్తవాడికి అదే మేలని నా అభిప్రాయం. గీత జారిపోవచ్చు, అక్షరం జారిపోదు.

ఇన్ని పద్ధతులు ఎందుకు పుట్టాయి? మన దేశంలో విద్య గురుముఖతః నడిచింది. కాగితం జ్ఞాపకానికి ఊతం మాత్రమే. పందొమ్మిదో శతాబ్దంలో అచ్చుయంత్రాలు వ్యాపించాక, గురువు దగ్గర లేని విద్యార్థికి కూడా పాట అందాలన్న కోరిక పుట్టింది. ఈ పనిలో తెలుగు లిపి ముందు వరుసలో ఉంది. మద్రాసులో తచ్చూరు సింగరాచార్యుల సోదరులు తెలుగులో వరుసగా స్వరసహితమైన పుస్తకాలు వేశారు. అన్నిటికంటె పెద్దది 1904లో ఎట్టయాపురంలో అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. రాసినవారు సుబ్బరామ దీక్షితులు. ఎట్టయాపురం ఉన్నది తమిళదేశంలో. అయినా పుస్తకం తెలుగులో రాశారు, ఎందుకంటే ఆనాడు దక్షిణాదిలో సంగీతానికి వ్యవహారభాష తెలుగు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 ఇందులో స్వరాలతో ఉన్నాయి. స్వరం ఊగాలా, జారాలా, నొక్కాలా అని చెప్పడానికి ఒక్కో గమకానికి ఒక్కో చిన్న గుర్తు కల్పించారు. ఈ పని చేయమని ఆయన వెంటపడినవారు చిన్నస్వామి ముదలియారు. ఆయన అంతకుముందే, 1890ల్లో, మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చు వేయడం మొదలుపెట్టారు. గుర్తు పెట్టుకోండి: పాశ్చాత్య లిపిలో రాద్దామని బయలుదేరిన మనిషి కారణంగానే తెలుగు స్వరలిపిలో అంత గొప్ప గ్రంథం వచ్చింది.

అదే 1904లో బొంబాయికి చెందిన ఒక న్యాయవాది దక్షిణదేశ యాత్ర చేస్తూ ఎట్టయాపురం వచ్చి సుబ్బరామ దీక్షితులను కలిశాడు. ఆయనే విష్ణు నారాయణ్ భాత్‌ఖండే. వేంకటమఖి 72 మేళకర్తల పథకం ఆయన మనసులో నాటుకుంది. తర్వాత ఉత్తరాది రాగాలను పది థాట్‌లుగా వర్గీకరించాడు, హిందీ పుస్తకాల్లో ఈనాడు కనిపించే స్వరలిపిని స్థిరపరిచాడు. ఆయన శిష్యుడు శ్రీకృష్ణ నారాయణ్ రతన్‌జన్‌కర్, మన ఛత్తీస్‌గఢ్‌లోనే ఖైరాగఢ్‌లో 1956లో ఏర్పడిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశాడు. బిలాస్‌పూర్ పిల్లలు సంగీత పరీక్షలకు చదివే లిపికీ, నాయనమ్మ డైరీలోని లిపికీ చుట్టరికం అలా ఎట్టయాపురంలో కలుస్తుంది. ఉత్తరాదిలో పలుస్కర్ పద్ధతి అని మరొకటి ఉంది. అందులో కూడిక గుర్తు ఖాళీని చూపిస్తుంది, భాత్‌ఖండేలో గుణకారపు గుర్తు సమ్ చూపిస్తుంది. రెండు పుస్తకాలూ కలిపి చదివితే తాళం తలకిందులవుతుంది. ఇంతకుమించి దాని జోలికి ఇప్పుడు పోను.

ఇక ఐదు గీతల పాశ్చాత్య లిపి, స్టాఫ్ నొటేషన్. గీతల నిచ్చెన మీద స్వరం ఎక్కితే పైకి కనిపిస్తుంది, దిగితే కిందికి కనిపిస్తుంది. ఒకేసారి నాలుగు గొంతులు వేర్వేరు స్వరాలు పాడాలన్నా, నలభై వాయిద్యాలు కలిసి వాయించాలన్నా దీనికి సాటి లేదు. ఏ భాషవాడైనా చదవగలడు. ఇది గొప్ప లిపి, నేర్చుకోదగ్గ లిపి. కాని ఇది స్వరస్థానాన్ని స్థిరంగా చెబుతుంది. అంటే మీ శ్రుతి మారితే గుర్తులన్నీ మారతాయి. మనం 'ఒకటిన్నర శ్రుతి' అనేదాన్ని ఇక్కడి హార్మోనియంవారు 'కాలీ ఏక్' అంటారు. ఒకటి శ్రుతి నుంచి ఒకటిన్నరకు మారితే స్టాఫ్ మీద పుట అంతా మళ్ళీ రాయాలి. సరిగమల్లో రాస్తే ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు.

ఈ ఇబ్బంది యూరపువారికీ తెలిసిందే. ఫ్రెంచి రచయిత రూసో 1742లో స్వరాలను అంకెలతో రాయవచ్చని పారిస్ అకాడమీకి ఒక పథకం సమర్పించాడు. అప్పట్లో పెద్దలకది నచ్చలేదు. తర్వాతి శతాబ్దంలో గాలిన్, షెవే వంటివారు దాన్ని మెరుగుపరిచారు. అది తూర్పుకు చేరి చైనాలో 'జియాన్‌పూ' పేరుతో స్థిరపడింది. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, పైస్థాయికి పైన చుక్క, కిందిస్థాయికి కింద చుక్క, పొడిగింపుకు పక్కన గీత. చైనాలో ఇప్పటికీ కోట్లమంది పాట చదవడం దీంతోనే మొదలుపెడతారు. ఇంగ్లండులో నార్విచ్ పట్టణానికి చెందిన సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయురాలు చర్చిలో పాడే పిల్లల కోసం అక్షరాల పద్ధతి ఒకటి కల్పించింది. జాన్ కర్వెన్ దాన్ని తీర్చిదిద్ది 'టానిక్ సోల్‌ఫా' పేరుతో ఊరూరా వ్యాపింపజేశాడు. డో, రే, మీ పేర్ల మొదటి అక్షరాలు రాసి, మధ్యలో కోలన్లు పెట్టి కాలం విడదీస్తారు. చూడగానే మన కామాలు, సెమీకోలన్లు గుర్తుకొస్తాయి. అది మన మిజోరం చర్చిల్లో నేటికీ నడుస్తోంది. నాలుగు గొంతుల పాటలు పాడుతూ పెరిగిన మిజో పిల్లల్లో చాలామందికి ఐదు గీతలు రావు, అయినా పాట చదవడం వచ్చు. అక్షరాల లిపి అంటే చదువురానివారి అడ్డదారి అనుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

నేటి పిల్లలు ఎక్కువగా చూస్తున్నది మరొకటి: ఫోన్‌లో రంగు పట్టీలు పైనుంచి జారుతూ వచ్చి కీబోర్డు మెట్ల మీద పడే వీడియోలు. పట్టీ ఎంత పొడుగుంటే అంతసేపు నొక్కాలి. ఇదీ ఒక స్వరలిపే. హాలండులో కార్నెలిస్ పాట్ అనే ఆయన 1931లోనే 'క్లావార్‌స్క్రిబో' అని, మెట్ల వరుసను బట్టి పైనుంచి కిందికి చదివే లిపిని కాగితం మీద తెచ్చాడు. ఫోన్ పద్ధతితో ఒక పాట త్వరగా వస్తుంది, కాదనను. కాని పట్టీ మీకోసం ఆగదు. ఆగి ఇది రిషభమా గాంధారమా అని ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు. పది పాటలు వాయించే పిల్లవాణ్ణి పదకొండోది చదివి చెప్పమంటే తెల్లమొహం వేస్తాడు.

ఇప్పుడు మళ్ళీ డైరీ దగ్గరికి వద్దాం. హిందీ నకలు పక్కన పడేసి అమ్మాయితో అన్నాను: "తెలుగు మొత్తం నేర్చుకోనక్కరలేదు. ఏడు అక్షరాలు చాలు. స, రి, గ, మ, ప, ద, ని." ఒక సాయంత్రంలో వచ్చేశాయి. దీర్ఘాలు సా, రీ, గా, మా, పా, దా, నీ మర్నాటికి వచ్చాయి. పద్నాలుగు ఆకారాలతో ఆ డైరీలో పాటల స్వరభాగమంతా తెరుచుకుంటుంది. కాలం తప్పకుండా ఉండటానికి గళ్ళ కాగితం వాడాం. ఇది నా కల్పన కాదు. కొరియాలో పదిహేనో శతాబ్దంలో సెజోంగ్ రాజు కాలంలోనే గళ్ళలో స్వరాలు రాసే 'జియోంగ్‌గన్‌బో' పద్ధతి పుట్టింది. ఒక్కో గడి ఒక్కో కాలప్రమాణం. మన లెక్కలనోటుపుస్తకం అందుకు చక్కగా సరిపోతుంది.

పద్ధతి ఇది. వరుసకు ఎనిమిది గళ్ళు తీసుకోండి. నాలుగో గడి తర్వాత, ఆరో గడి తర్వాత ముదురు గీత గీయండి. అది ఆదితాళం. గడికి ఒకే అక్షరకాలం. గడిలో ఎప్పుడూ హ్రస్వాక్షరమే రాయండి. స్వరం కొనసాగితే తర్వాతి గడిలో అడ్డగీత పెట్టండి. ఇందాకటి వరుస ఇలా అవుతుంది:

స – రి గ | మ – | ప – ||

దీన్ని తెలుగువాడు, హిందీవాడు, బెంగాలీవాడు ఎవరు చదివినా ఎనిమిదే వస్తాయి, ఎందుకంటే లెక్కపెట్టేది అక్షరాన్ని కాదు, గడిని. రెండో కాలమైతే ఒకే గడిలో రెండక్షరాలు రాయండి. స్థాయికి చుక్కలు మూడు పద్ధతుల్లో రెండింటిలో ఒకేలా ఉన్నాయి కనుక అవే ఉంచండి: తారస్థాయికి పైన, మంద్రస్థాయికి కింద.

పుట తలమీద రాగం పేరుతో పాటు మెట్ల అంకెలు రాయండి. హార్మోనియం మీద ఒక స్థాయికి తెల్లవి, నల్లవి కలిపి పన్నెండు మెట్లు. మీ షడ్జమాన్ని ఒకటిగా లెక్కించండి. మాయామాళవగౌళకు 1, 2, 5, 6, 8, 9, 12. శంకరాభరణానికి 1, 3, 5, 6, 8, 10, 12. ఇలా రాస్తే శుద్ధమా కోమలమా అన్న తగాదా ఉండదు. అమ్మాయి గళ్ళలో రాసుకున్న మొదటి హారతిని వాళ్ళ నాన్నగారి ముందు వాయించింది. ఆయన నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకోబోతున్నాడట, లేచి కూర్చుని రెండో చరణం తానే అందుకున్నాడట. పదమూడింటిలో పదకొండు అలా బయటపడ్డాయి.

ఒకదానికి కాగితం చిరిగిపోయింది. మిగిలిన ఒక్క హారతికి మాత్రం పైన రాగం పేరు లేదు. నాయనమ్మకు అది అంత బాగా తెలిసిన పాట అయి ఉండాలి, పేరు రాసుకునే అవసరం తోచలేదు. స్వరాలు ఏడూ ఉన్నాయి, కాలం సరిగ్గా ఉంది. ఏ రిషభం, ఏ గాంధారం అన్నది మాత్రం లేదు. ఇదెంత పెద్ద చిక్కో లెక్క వేసి చూడండి. రి, గ కలిసి రాగల జంటలు ఆరు. మధ్యమాలు రెండు. ద, ని జంటలు ఆరు. ఆరు రెళ్ళు పన్నెండు, పన్నెండు ఆర్లు డెబ్భైరెండు. వేంకటమఖి 72 మేళాలు ఇవే. అంటే ఆ పుట మీద ఒక పాట లేదు, డెబ్భైరెండు పాటలున్నాయి. వాటిలో నాయనమ్మ పాడింది ఒక్కటే.

ఇక్కడ లిపి చేతులెత్తేసింది, చెవి మీద ఆధారపడక తప్పలేదు. వాళ్ళ నాన్నగారికి సంగీతం రాదు. చిన్నప్పుడు విన్న జ్ఞాపకం మాత్రం ఉంది. మొదట శంకరాభరణం మెట్ల మీద వాయించాం. "కాదు మాస్టారూ, ఆ రెండోది ఇంకా కిందికి ఉంటుంది" అన్నాడు. రిషభాన్ని మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు దించాం. తల ఊపాడు. ఒక్క ఆ మాటతో ఎన్ని మేళాలు తొలగిపోయాయో మీరే లెక్క కట్టండి. రెండో మెట్టు రిషభంతో కుదిరే గాంధారాలు మూడు: మూడో మెట్టు, నాలుగో మెట్టు, అయిదో మెట్టు. అయిదో మెట్టుకు ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. మధ్యమం ఆరో మెట్టే అన్నాడు. అప్పటికి మిగిలినవి ఆరు మేళాలు. ధైవతం దగ్గర ఆగిపోయాడు. తొమ్మిదో మెట్టు వాయిస్తే అదే అంటాడు, పదో మెట్టు వాయిస్తే అదీ అంటాడు. మొదటిదైతే మాయామాళవగౌళ వైపు, రెండోదైతే సూర్యకాంతం వైపు. మాయామాళవగౌళే అయి ఉంటుందని నా ఊహ, కాని ఊహతో పుట తలమీద అంకె వేయనివ్వలేదు. అక్కడ పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టించాను.

గమకాల మాట చెప్పి ముగిస్తాను. గడిలో 'రి' అని రాసినంత మాత్రాన రిషభం ఎలా ఊగాలో రాదు. హార్మోనియం మీద అది పలకనే పలకదు. ఆ కారణం చేతనే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971లో గాని కొంత సడలించలేదు. సుబ్బరామ దీక్షితుల గుర్తులు కూడా విన్నవాడికి గుర్తుచేస్తాయే తప్ప విననివాడికి వినిపించవు. కాబట్టి గళ్ళలో రాసుకున్నాక, ఆ పాట తెలిసినవారు ఎవరున్నా వారి ఎదుట కూర్చుని పాడించుకోవాలి, స్వరం ఊగిన చోట గడి పైన చిన్న వంకరగీత పెట్టుకోవాలి. అమ్మాయి ఆ పని కోసమే వేసవి సెలవుల్లో విజయనగరం రైలెక్కింది. నాయనమ్మ చెల్లెలు అక్కడ ఉంది. సంచిలో డైరీ, గళ్ళ నోటుపుస్తకం, చెక్కిన పెన్సిళ్ళు రెండు.

ఈ వారం అభ్యాసం. కింది వరుసను ఎనిమిది గళ్ళలో రాయండి. ముందు మాయామాళవగౌళ మెట్ల మీద, తర్వాత శంకరాభరణం మెట్ల మీద వాయించండి, లేదా పాడండి. తర్వాత దీన్ని భాత్‌ఖండే పద్ధతిలో రాయండి. మాయామాళవగౌళకు ఏ స్వరాల కింద గీత రావాలో చూసుకోండి.

పా ద ని | దా | పా || మా గ రి | గ రి | సా ||